పద్దెనిమిదేళ్ళ ముఖం

గడ్డిపోచ పళ్ళమధ్య కరుచుకుని నిలబడనిదే తామ్రకోటలో ఎవరూ ప్రాణభిక్ష అడగకూడదు. కంచరివాళ్ళ మైలమ ఆ ఉదయం పచ్చి గరికపోచ కరుచుకుని, రణధవళ మహారాజు కరుణసభలో గంటసేపటినుంచీ నిలబడి ఉంది. గరిక పసరు చేదుగా గొంతులోకి దిగుతోంది. ఆమె మింగుతోంది. పదహారేళ్ళుగా చేస్తున్న పనే అది.

సభామండపానికి నూటెనిమిది రాగి స్తంభాలు. ఒక్కో స్తంభానికి ఒక్కో నాగు చుట్టుకుని, పడగమీద కెంపు పట్టుకుని కూర్చుంది. కప్పుకు పొదిగిన స్ఫటికపు పలకల్లోంచి ఎండ తేనెరంగులో జారి, రత్నకంబళాలమీద మడుగులు కట్టింది. సింహాసనం కింద నాలుగు మరకత సింహాలు, వాటి నోళ్ళలోంచి సాంబ్రాణి పొగ. ఆ పొగ వెనక మహారాజు ముఖం కనిపించీ కనిపించకుండా ఉంది. ఆ రాజ్యంలో చంపించేవాడి ముఖం ఎప్పుడూ పొగచాటునే ఉంటుంది. చచ్చేవాడి ముఖానికి మాత్రం మైనంతో అచ్చు తీసి దాస్తారు.

అది అక్కడి ఆచారం. హంతకుడు పట్టుబడిన వెంటనే, నేరం ముఖంమీద ఆరకముందే, అచ్చు తీస్తారు. ఆ మైనపు ముఖం ముఖశాలలో ఉంటుంది, మనిషి చీకటికొట్లో ఉంటాడు. తల తీసేనాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి తలారి, "వీడు వాడేనా?" అని అడుగుతాడు. తీర్పునాడు సభలో నిలబడ్డ ఇరుపక్షాల చుట్టాల్లో ఎవరైనా "వాడే" అంటే గొడ్డలి దిగుతుంది. ముఖమూ కలవాలి, మాటా కలవాలి.

మైలమ తమ్ముడు బేతనకు రెండూ కలవలేదు. అందుకే ఇంకా బతికున్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు కోటమెట్ల పైన తగవు పడి, రేచన అనే కావలివాణ్ణి తోశాడు. రేచన నలభై మెట్లు దొర్లి చచ్చిపోయాడు. తోసింది బేతనే, అందులో అబద్ధం లేదు. వాళ్ళ తండ్రికి అన్నీ తెలుసు, 'వాడే' అనకుండా నోరు మూసుకునే చచ్చిపోయాడు. చీకటికొట్లో బేతన గడ్డం నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. మైనపు ముఖానికీ అతని ముఖానికీ ఇప్పుడు తేనెకూ చింతపండుకూ ఉన్నంత పోలిక.

నలభై రోజుల కిందట దండోరా పడింది. గద్దలకొండ కొమ్ముమీది నల్లతుట్టె మైనం తెచ్చినవారికి కరుణసభలో ఒక్క మనవికి చోటు ఇస్తారట. రాణిగారి కంచువిగ్రహానికట ఆ మైనం. మైలమ మూడు నదులు ఈది, కొండచిలువ నోట్లోంచి ఒకసారీ బోయల వలలోంచి ఒకసారీ తప్పించుకుని, తేనెటీగలు కుట్టిన భుజం గుమ్మడికాయంత వాచినా మోసుకొచ్చింది. ఆ నల్లటి ముద్ద ఇప్పుడు సింహాసనం ముందు వెండిపళ్ళెంలో ఉంది.

"గడ్డి తియ్యి. మాట్లాడు," అన్నాడు ధర్మాధికారి సోమనాభి. సన్నటి మనిషి. కళ్ళు మాత్రం పిల్లి కళ్ళు.

మైలమ గరిక తీసి కొంగున ముడేసుకుంది. "మహాప్రభూ! మా తమ్ముడు చేసింది తప్పే. కాదన్ను. కానీ ఆ వయసులో కోపం వస్తే చెయ్యి ముందు పోతుంది, బుద్ధి వెనకాల రొప్పుతూ వస్తుంది. వాడి బుద్ధి ఆ మెట్లమీదే చెయ్యిని అందుకుంది. పారిపోగలిగీ పారిపోలేదు. పదహారేళ్ళు వెలుగు చూడలేదు. ఇక చాలు ప్రభూ. ప్రాణం వదిలెయ్యండి. ఏ దీవిలోనో రాళ్ళు కొట్టుకు బతుకుతాడు."

పొగలోంచి రాజుగారి గొంతు మెత్తగా వచ్చింది. "పదహారేళ్ళు చాలా కాలమమ్మా. మనిషి మారిపోయి ఉంటాడు. నీ తమ్ముణ్ణి నువ్వైనా గుర్తుపడతావా?"

ఆ మెత్తదనానికి మైలమ గుండె కరిగింది. పదహారేళ్ళలో ఒక్కరూ ఆ గొంతుతో ఆమెతో మాట్లాడలేదు. "గుర్తుపట్టకపోవడమేమిటి ప్రభూ! నా చంకలో పెరిగినవాడు. గడ్డం నెరిస్తే నెరవనీ, పళ్ళూడితే ఊడనీ, నాకు వాడే! ముమ్మాటికీ వాడే!"

సోమనాభి చెయ్యెత్తాడు. స్తంభం పక్క కూర్చున్న లేఖకుడి గంటం రాగిరేకు మీద కీచుమంది.

"అయింది," అన్నాడు సోమనాభి. "అక్క నోటే వచ్చింది, మూడుసార్లు. ముఖానికి మైనం కూడా తానే తెచ్చింది. మాంత్రికుడు విరూపసిద్ధుడికి కబురంపండి. నల్లమైనంతో ఖైదీ ముఖాన్ని పాత ముఖం చేస్తాడు. మధ్యాహ్నం దాటకుండా ఎర్రదిబ్బమీద పని కానివ్వండి."

మైలమకు మొదట అర్థం కాలేదు. ఆ ప్రశ్న దిబ్బమీదే అడుగుతారని ఊళ్ళో పాలు తాగే పిల్లలకూ తెలుసు. సభలో అన్నా చెల్లుతుందని దండగ్రంథం చదివినవాళ్ళకే తెలుసు. ప్రేమకొద్దీ అన్న మాటను వాళ్ళు సాక్ష్యం కింద రాసుకున్నారు.

"నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను!" అని అరిచింది.

"కారిన మైనం, అన్న మాట వెనక్కి పోవమ్మా," సోమనాభి నవ్వాడు. "తీర్పునాడు సభలో నిలబడ్డ చుట్టాల్లో ఇంకొకరు, మైనపు ముఖం చేతపట్టుకుని దిబ్బమీదికి వచ్చి 'వాడు కాడు' అంటే నీ మాట చెల్లకుండా పోతుంది. ఎవరున్నారు? మీ నాన్న లేడు. మిగిలింది చచ్చినవాడి తల్లి. పో, అడిగి చూడు!"

సభంతా నవ్వింది. స్తంభాలమీది నాగులు కూడా నవ్వినట్టే ఉంది. మైలమ ఒంట్లో ఎక్కడో, నదులు ఈదేటప్పుడూ కొండ ఎక్కేటప్పుడూ నిద్రపోతున్నదేదో ఒళ్ళు విరుచుకుని లేచింది. కొంగుముడి విప్పి, గరికపోచ తీసి, మరకత సింహం నోట్లో కుక్కింది.

"నువ్వే కరుచుకో దీన్ని, రణధవళా!"

రాజును పేరుపెట్టి పిలిస్తే నాలుక కోస్తారు. ఇద్దరు భటులు ఆమె మీదికి దూకారు. ఒకడి బల్లెం లాక్కుని, రెండోవాడి మోకాలిచిప్పమీద కొట్టి, గవాక్షం వైపు పరుగెత్తింది. వెనకనుంచి బాణం వచ్చి జడను రాసుకుపోయింది. కిటికీ కింద పట్టు చాందినీ. దానిమీదికి దూకింది, చాందినీ చిరిగింది, ఆ చిరుగుతోపాటే జారి కింద ఏనుగుల మడుగులో పడింది. మునిగి తేలేసరికి కళ్ళముందు పట్టపుటేనుగు తొండం. ఏనుగు ఆమెను నడుం పట్టి ఎత్తి, వాసన చూసింది. గద్దలకొండ తేనె ఇంకా ఒంటికి అంటుకునే ఉంది కాబోలు, మావటివాడు అంకుశం ఎత్తేలోపు గట్టుమీద నెమ్మదిగా దించింది.

గట్టు వెంట ముఖశాలకు మైనం మోసే ఆడవాళ్ళు వరసగా పోతున్నారు. ఘాటు తగలకుండా ముక్కులకు తడిగుడ్డలు కట్టుకున్నారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. మైలమ కొంగు చింపి ముక్కుకు కట్టుకుంది. చివరి మనిషి నెత్తిమీది కుండ అందుకుని, "నేను మోస్తాలే వదినా, నువ్వు నడుం వాల్చు," అంది. ఆవిడ, "నీ కడుపు చల్లగుండ!" అని అక్కడే కూలబడింది. గుర్రాలమీద వచ్చిన భటులు ఆ వరసను దాటి, ఒంటరిగా పారిపోయే ఆడదానికోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ముఖశాల చల్లగా, చీకటిగా ఉంది. నాలుగు గోడలకూ నేలనుంచి కప్పుదాకా గూళ్ళు. గూటికో మైనపు ముఖం, ముఖానికో తడిగుడ్డ. నాలుగువందల గుడ్డలనుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. ఆ గుడ్డలు తడుపుతూ ఒక ముసలామె గూటినుంచి గూటికి తిరుగుతోంది. ఆమే కామసాని, రేచన తల్లి. కొడుకు పోయిన ఏడే రాజుగారు దయదలిచి ఆమెకు ఈ ఊడిగం ఇచ్చారు.

"కుండ అక్కడ దించు," అంది తిరిగి చూడకుండానే. తర్వాత నేలమీద అడుగుల గుర్తులు చూసింది. "మైనం మోసేవాళ్ళ అరికాళ్ళకు మైనం ఉంటుంది. నీకు ఏనుగుల బురద ఉంది. ఆ కళ్ళు నాకు తీర్పునాటినుంచీ గుర్తే. నువ్వు వాడి అక్కవి గదూ?"

మైలమ ముసుగు లాగేసింది. "అవును పెద్దమ్మా. క్షమించమని అడగడానికి రాలేదు."

"అడిగినా లేదు."

"నా నోటితో నేనే వాణ్ణి చంపుకున్నాను. సభలో 'వాడే' అన్నాను. నువ్వొచ్చి కాదంటే తప్ప..."

"కాదనాలా? నేనా?" కామసాని చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టింది. "తీర్పునాడు నువ్వు ఏడిస్తే సభంతా నిన్నే చూసిందే పిల్లా! నన్నెవడు చూశాడు? ఇదిగో, నీ తమ్ముడి ముఖం. రోజుకు ఆరుసార్లు తడిపి, కరిగిపోకుండా పదహారేళ్ళు కాపాడింది నేను! నా కొడుకు ముఖానికి అచ్చు తీసినవాడెవడు? రేచన ముక్కు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. వాణ్ణి చంపినవాడి కనుబొమ్మమీది గాటు సహా గుర్తుంది. ఇదా మీ రాజు దయ?"

"వాడు నా రాజు కాడు!" మైలమ గొంతూ లేచింది. "నీ పగను పదహారేళ్ళు తడిపి తడిపి దాచింది వాడు! మరి అంత పగ ఉన్నదానివి, ఒక్కసారి 'వాడే' అంటే అయిపోయేది కదా. ఎందుకనలేదు?"

ముసలామె వంగి, నేలమీది గుడ్డ తీసి పిండింది.

"ప్రతి అమావాస్యకూ చెరసాలకు పోతాను. తిట్టడానికే. ఆరేళ్ళు తిట్టాను. ఏడో ఏట వాడు నోరు విప్పాడు. తోసిన మరుక్షణం మెట్లన్నీ దిగి, నా కొడుకు తల ఒళ్ళో పెట్టుకున్నాడట. ప్రాణం పోయేముందు రేచన ఏమన్నాడో చెప్పాడు. అప్పట్నుంచీ పోయి అదే చెప్పించుకుంటున్నాను. రేచన గొంతు పెట్టి మరీ చెబుతాడు దొంగవెధవ. వాడి తల పోతే నా కొడుకు ఆఖరి మాట ఇంకెవడి దగ్గరుంటుంది?" కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం చీదింది. "జాలి అనుకునేవు. నా సొత్తు వాడి దగ్గరుంది, అంతే. పద."

మైలమ గూటిలోని ముఖాన్ని రెండు చేతులా ఎత్తింది.

ఎత్తగానే నాలుగువందల గుడ్డలు ఒక్కసారిగా కిందపడ్డాయి. నాలుగువందల మైనపు నోళ్ళు తెరుచుకున్నాయి. "వాడే! వాడే! వాడే!" అని ముఖశాల దద్దరిల్లింది. విరూపసిద్ధుడు పెట్టిన మంత్రకాపలా అది. బయట నగారా మోగింది. గోడమీది ముఖాలు గూళ్ళలోంచి ఊడి, తుమ్మెదల్లా గాలిలోకి లేచి ఇద్దరినీ చుట్టుముట్టాయి. ఒకటి కామసాని మెడ కరిచింది. ఒకటి మైలమ వాచిన భుజాన్ని కరిచింది. మైలమ కేక పెట్టి, మూలనున్న గెడకర్రతో కప్పులోని రాగితలుపు గడియ ఎగదోసింది.

నడిపొద్దు ఎండ కుండపోతగా దిగింది. ముందు ముక్కులు జారాయి. తర్వాత పెదవులు అతుక్కున్నాయి. "వాడే" అన్న మాట "వా... వా..." అని పసిపిల్లల ఏడుపైంది, ఆపైన అదీ లేదు. నేలమీద మోకాలిలోతు మైనం. ఆ ముఖాలకూ ఎక్కడో అక్కలుండే ఉంటారు. మైలమ బేతన ముఖాన్ని మాత్రం తడిగుడ్డలో చుట్టి, బిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు అదుముకుంది. అది కరిగితే 'వాడు కాడు' అనడానికి ఆధారమే ఉండదు.

వెనక వాకిట్లో నీళ్ళబండి. మైలమ కాడిమీదికి ఎక్కి ఎద్దుల తోకలు మెలిపెట్టింది. "హై! హై!" కామసాని పీపాల మధ్య కూలబడి, "మెల్లగా తోలవే! దిబ్బ చేరకముందే నన్ను చంపేట్టున్నావు!" అని తిడుతోంది. వెనక పదిమంది రౌతులు. కోట దిగే వాలంతా నున్నటి నల్లరాతి బాట, అద్దంలా మెరుస్తోంది.

"పెద్దమ్మా! బిరడాలు పీకు!"

"నీళ్ళన్నీ పోతాయే!"

"పోవాలనే!"

ముసలామె పళ్ళతో బిరడాలు లాగింది. ఆరు పీపాల నీళ్ళు బాటమీద వరదలా పారాయి. ముందు గుర్రం కాళ్ళు జారి పడింది, దానిమీద రెండోది, ఆపైన మిగతావి. రౌతులు ఒకరినొకరు తిట్టుకోవడం మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంది. కామసాని ఏళ్ళ తర్వాత మొదటిసారి నవ్వి, నవ్వినందుకు తనమీద తానే ఉమ్మేసుకుంది.

ఎర్రదిబ్బమీద జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో రాతిపీట. పీట పక్క తలారి, గొడ్డలి నేలకానించి. సోమనాభి వీళ్ళకంటే ముందే పల్లకీలో చేరుకున్నాడు. పీట వెనక విరూపసిద్ధుడు, కాళ్ళదాకా జడలు, చేతిలో ఇంకా ఆవిరి చిమ్ముతున్న మైనపు గిన్నె.

మైలమ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పీటకు కట్టేసిన మనిషిని చూసి ఆగిపోయింది.

నెరిసిన గడ్డం లేదు. లోతు బుగ్గలు లేవు. నల్లమైనం చర్మంలో చర్మమై కలిసిపోయి, కనుబొమ్మమీద గాటుతో, నూనూగు మీసంతో, పద్దెనిమిదేళ్ళ బేతన అక్కడ ఉన్నాడు. తాను అన్నం కలిపి పెట్టిన బేతన. ఆమె చేతిలోని ముఖం, అతని ముఖం ఒక్కటే.

"తమ్ముడూ!"

కుర్రవాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? మా నాన్నను పిలవండి. మా అక్కను పిలవండి."

విరూపసిద్ధుడు ఇకిలించాడు. "ముఖం వెనక్కి పోతే మనసు ఊరికే ముందుంటుందా? నేరం చేసిన గడియలో నిలబెట్టాను వాణ్ణి. వేరేవాడి తల తీశారని రేపు ఎవరూ అనరు."

"వేరేవాడి తలే తీస్తున్నార్రా!" మైలమ కేకకు దిబ్బచుట్టూ కాకులు లేచాయి. "పదహారేళ్ళు కుళ్ళబెట్టి మనిషిని చేశారు. ఆ మనిషిని చంపడానికి చేతకాక, మళ్ళీ కుర్రవాణ్ణి చేసి చంపుతున్నారా?"

"ఆమె నోరు మూయించండి," అన్నాడు సోమనాభి. తర్వాత చిరునవ్వుతో ముసలామె వైపు తిరిగాడు. "ముఖం చేతపట్టుకుని రా కామసానీ. ధర్మం తప్పకూడదు. తలారీ, అడుగు."

కామసాని మైనపు ముఖం తీసుకుని పీటదాకా నడిచింది. ఇన్నేళ్ళూ ఏ కుర్రవాడి పీక పిసకాలని కలగన్నదో ఆ కుర్రవాడే ఎదురుగా, చేతులు కట్టేసి ఉన్నాడు. మైలమకు ఆ ముసలి వేళ్ళు గోళ్ళు బయటికి తీయడం కనిపించింది.

"వీడు వాడేనా?" తలారి అడిగాడు.

కుర్రవాడు ఆమె భుజంమీదుగా ఎక్కడో కిందికి, లేని మెట్ల వైపు మెడ సాచి చూస్తున్నాడు. రొప్పుతున్నాడు. "అవ్వా," అన్నాడు. "ఆ కావలాయన లేచాడా? నేను అంత గట్టిగా తోయలేదు. లేచాడా?"

కామసాని చేతిలోని ముఖాన్ని కిందికి దించింది.

"లేవలేదు," అంది కామసాని.

"కట్లు విప్పమనవ్వా. నేను దిగి చూస్తాను."

"వీడు వాడేనా?" తలారి గొంతు పెంచాడు.

"వాడే," అంది కామసాని.

సోమనాభి చెయ్యి ఎత్తాడు.

"వాడే!" ముసలామె గొంతు చీరుకుపోయేలా అరిచింది. "వీణ్ణి నేనేం చేసుకోను? వీడికి నా కొడుకు ఆఖరి మాట తెలియదు! ఇంకా మెట్లు దిగలేదు వీడు! దిగినవాడు లోపలున్నాడు, వాణ్ణియ్యండి నాకు!" చేతిలోని మైనపు ముఖాన్ని విరూపసిద్ధుడి నెత్తిన పగలగొట్టి, పది గోళ్ళూ కుర్రవాడి చెవిపక్క గుచ్చి, చర్మంతో సహా వచ్చినా సరేనన్నట్టు మైనాన్ని పట్టి లాగింది. "దిగరా! దిగు!"

బేతన గావుకేక పెట్టాడు. ఆ కేక సగం కుర్రవాడిది, సగం ముప్ఫైనాలుగేళ్ళవాడిది. మాంత్రికుడు జడలు విదిలించి మంత్రం అందుకున్నాడు. దిబ్బ అంచులు చిటపటమంటూ నిప్పురవ్వలు కక్కాయి. జనం చెల్లాచెదురయ్యారు. "ఆమె 'వాడే' అంది, అందరూ విన్నారు! కొట్టు!" అని సోమనాభి అరుస్తున్నాడు.

మైలమ ఇద్దరు భటులను వీపుమీద మోసుకుంటూనే ముందుకు దూకింది. దవడపక్క మైనం వేలెడంత లేచింది. దానికింద, నెత్తురులో తడిసి, నెరిసిన గడ్డం.

గొడ్డలి అప్పటికే తలారి తలకంటే ఎత్తులో ఉంది. మైలమ దాని కిందికి తన తల పెట్టింది.